అమానతుగా విశ్వవిద్యాలయం: జామియా మిల్లియా నిర్వహణ అనుభవం

దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో, చెరసాల నుండి విడుదలైన హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు రాజును కలుసుకున్న ఘట్టం ఒకటి ఉన్నది. దేశపు కోశాగారాల బాధ్యత తనకు అప్పగించమని కోరుతూ ఆయన తన వంశ గౌరవాన్ని గాని, తాను పడిన కష్టాలను గాని ప్రస్తావించలేదు. రెండే అర్హతలు చెప్పుకున్నారు. తాను హఫీజ్, అంటే కాపాడగలవాడు. అలీమ్, అంటే పని తెలిసినవాడు. ముందున్నవి ఏడు కరువు సంవత్సరాలు. అలాంటి సమయంలో నిజాయితీ ఉండి పని తెలియని వాని చేతిలోనూ, పని తెలిసి నిజాయితీ లేని వాని చేతిలోనూ గాదె ఒక్కలాగే ఖాళీ అవుతుంది.

విద్యాసంస్థల నిర్వహణ గురించి మాట్లాడేటప్పుడు ఈ ఘట్టం గుర్తుకు తెచ్చుకోవడం అవసరం. వర్ధమాన దేశాల విశ్వవిద్యాలయాలూ కళాశాలలూ చాలామటుకు కరువు కాలపు గాదెల వంటివే. ఉన్నది కొంచెం, ఆశించేవారు అనేకులు. ఆసియా, ఆఫ్రికా దేశాలు స్వాతంత్ర్యం పొందిన తరువాత విశ్వవిద్యాలయాలను త్వరత్వరగా నెలకొల్పుకున్నాయి. భవనాలు లేచినంత వేగంగా సంప్రదాయాలు ఏర్పడలేదు. ప్రభుత్వమే ఏకైక పోషకుడు కావడంతో ప్రభుత్వం మారినప్పుడల్లా ఉపకులపతి కుర్చీ కదలడం, బడ్జెట్టు కుదించుకుపోయిన ఏడాది ముందుగా గ్రంథాలయానికి కోత పడడం అనేక దేశాల్లో మామూలైంది. ప్రైవేటు కళాశాలల్లో మరొక రకం చిక్కు. స్థాపకుడు బ్రతికి ఉన్నంతకాలం ఆయన మాటే శాసనం. ఆయన పోయాక వారసులకు కళాశాల కూడా ఒక ఆస్తి.

ఈ రెండు దారుల్లో దేనిలోనూ నడవకుండా, ప్రభుత్వ సహాయం లేకుండా, పట్టాలకు ప్రభుత్వ గుర్తింపు లేకుండా రెండు దశాబ్దాలకు పైగా నిలబడిన సంస్థ ఒకటి మన దేశంలోనే ఉన్నది. అది ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా. దానిని ఆ కాలంలో నడిపిన డాక్టర్ జాకిర్ హుసేన్ మన హైదరాబాదులో 1897 ఫిబ్రవరి 8న పుట్టినవారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ ఇక్కడ న్యాయవాది. ఆయన 1907లో మరణించిన తరువాత కుటుంబం ఉత్తర హిందూస్థానంలోని స్వస్థలమైన ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్ళింది. జాకిర్ హుసేన్ 1967లో రాష్ట్రపతి అయిన సంగతి అందరికీ తెలుసు. ఆయన జీవితంలో అంతకంటే కష్టమైన ఉద్యోగం మరొకటి ఉండేది. దాని సంగతి తెలిసినవారు తక్కువ.

జామియా పుట్టుక 1920 అక్టోబరు 29న, అలీగఢ్‌లో. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు ఉధృతంగా సాగుతున్న రోజులవి. బ్రిటిష్ ప్రభుత్వ గ్రాంటును వదులుకోవాలన్న పిలుపును అలీగఢ్ కళాశాల ధర్మకర్తలు అంగీకరించలేదు. అంగీకరించిన విద్యార్థులూ ఉపాధ్యాయులూ బయటికి వచ్చారు. షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ తీవ్ర అస్వస్థతతో ఉండి కూడా వచ్చి జామియాను ప్రారంభించారు. ఆయన ప్రసంగాన్ని మౌలానా షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ చదివి వినిపించారు. హకీం అజ్మల్ ఖాన్ మొదటి అమీరె జామియా, అనగా కులపతి. మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ మొదటి షేఖుల్ జామియా, అనగా ఉపకులపతి. ఖర్చులు ఖిలాఫత్ కమిటీ భరించింది.

ఉద్యమం మీద ఆధారపడిన సంస్థకు ఉద్యమంతో పాటే గండం వస్తుంది. సహాయ నిరాకరణ 1922లో ఆగిపోయింది. 1924 మార్చిలో తుర్కీ ప్రభుత్వం ఖిలాఫత్‌నే రద్దు చేసింది. ఖిలాఫత్ కమిటీ విరాళాలు ఎండిపోయాయి. 1925 ఆరంభంలో జామియాను మూసివేయడమా, కొనసాగించడమా అనే ప్రశ్న పెద్దల ముందుకు వచ్చింది. మూసివేతను సమర్థించినవారిని తప్పుపట్టడానికి లేదు. జీతాలు లేవు, గుర్తింపు లేదు, విద్యార్థులు పలచబడుతున్నారు. ఆ సమయంలో జర్మనీలో చదువుకుంటున్న ముగ్గురు యువకులు, జాకిర్ హుసేన్, ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్, తాము జామియాకు జీవితాలు అర్పించడానికి సిద్ధంగా ఉన్నామని, తాము తిరిగి వచ్చేవరకు మూయవద్దని కబురు పంపారు. గాంధీజీ కూడా జామియా కోసం అవసరమైతే తాను భిక్షమెత్తుతానని హకీం సాహెబుకు ధైర్యం చెప్పారు. సంస్థను అలీగఢ్ నుండి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తరలించారు. 1926లో ముగ్గురూ వచ్చి చేరారు. జాకిర్ హుసేన్ షేఖుల్ జామియా అయ్యేనాటికి ఆయన వయస్సు 29 సంవత్సరాలు.

ఇంతవరకు జరిగింది ఉత్సాహం. నిర్వహణ పాఠం దీని తరువాత మొదలవుతుంది.

హకీం అజ్మల్ ఖాన్ దేశమంతటా పేరుపొందిన యూనానీ వైద్యులు. జామియాకు లోటు వచ్చినప్పుడల్లా ఆయన తన పలుకుబడితో, తరచు తన సంపాదనతో కూడా పూడ్చేవారు. ఇది ఆయన ఔదార్యానికి నిదర్శనమే. ఐతే సంస్థకు ఇది నిజమైన బలం కాదన్న సంగతి 1927 డిసెంబరు చివర ఆయన హఠాత్తుగా మరణించినప్పుడు బయటపడింది. ఒక్క మనిషి నాడి ఆగగానే సంస్థ నాడి కూడా ఆగే పరిస్థితి వచ్చింది. మన ఊళ్ళలో ఎన్ని మదర్సాలు, ఎన్ని పాఠశాలలు సరిగ్గా ఇలాంటి రోజునే కూలిపోయాయో పాఠకులు తమ అనుభవం నుండే చెప్పగలరు.

1928లో జామియాలో జరిగిన మార్పు అందుకే ముఖ్యమైనది. పాత ధర్మకర్తల సంఘం తప్పుకున్నది. సంస్థ బాధ్యతను ఉపాధ్యాయులే స్వీకరించారు. అంజుమనె తాలీమె మిల్లీ, అంటే జాతీయ విద్యా సమాజం అనే పేరుతో సంఘం ఏర్పడింది. దానిలో జీవిత సభ్యులయ్యేవారు 20 సంవత్సరాలు జామియాకే సేవ చేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి జీతం కోరబోమని ప్రతిజ్ఞ చేశారు. హకీం సాహెబు తరువాత అమీరె జామియా అయిన డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ పెద్దదిక్కుగా నిలిచారు. రోజువారీ నిర్ణయాలు మాత్రం ఉపాధ్యాయుల చేతిలో ఉండిపోయాయి.

ఈ ప్రతిజ్ఞను సాధారణంగా త్యాగానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. త్యాగమే, సందేహం లేదు. బెర్లిన్‌లో డాక్టరేటు పొందినవారికి బయట ఇంతకు ఎన్నోరెట్ల జీతం దొరికేది. కాని ఆ ఏర్పాటులో త్యాగం కంటే తక్కువగా ప్రచారమైన మరో అంశం ఉన్నది. 150 రూపాయల హద్దు షేఖుల్ జామియాకు కూడా అదే హద్దు. జీతం తక్కువ చేసుకున్నవారే సంఘంలో సభ్యులు, అంటే సంస్థకు బాధ్యులు. ఎక్కడ ఖర్చు తగ్గించాలి, ఏ తరగతి తెరవాలి, ఎవరిని చేర్చుకోవాలి అనే విషయాల్లో వారి మాటకు విలువ ఉన్నది. జీతాలు నెలల తరబడి బాకీ పడిన రోజుల్లో కూడా డబ్బు ఎందుకు లేదో వారికి తెలుసు, లెక్కలు వారివే. షూరా అనే మాటను ఖుర్ఆన్ విశ్వాసుల లక్షణంగా పేర్కొన్నది. దానిని ఒక కళాశాల కార్యాలయంలోకి తీసుకువస్తే ఎలా ఉంటుందో ఇక్కడ చూడవచ్చు. సలహా అడగడం ఒక్కటే షూరా కాదు. సలహా ఇచ్చేవాని ముందు లెక్కల పుస్తకం తెరచి ఉంచకపోతే ఆ సలహాకు అర్థం లేదు.

డబ్బు విషయంలో కూడా 1927 నాటి దెబ్బ వారికి బాగా గుర్తున్నది. ఒక్క పోషకుని స్థానంలో వేలమంది చిన్న దాతలను నిలపాలని నిర్ణయించుకున్నారు. హమ్‌దర్దానె జామియా, అంటే జామియా సానుభూతిపరులు అనే విభాగం ఏర్పడింది. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీ వంటివారు ఊరూరా తిరిగి మధ్యతరగతి వారి నుండి చిన్న చిన్న మొత్తాలు క్రమంగా వచ్చే ఏర్పాటు చేశారు. ఒక నవాబు ఇచ్చే పదివేలు ఆయన అలిగిన రోజున ఆగిపోతుంది. పదివేలమంది ఇచ్చే రూపాయి ఒక్కసారిగా ఆగదు. పైగా ఆ పదివేలమందికీ ఉత్తరాలు వ్రాయాలి, రశీదులు ఇవ్వాలి, ఏం చేశామో చెప్పుకోవాలి. ఈ పని ఎంత విసుగైనదో చేసినవారికే తెలుసు. కాని సంస్థను జవాబుదారీగా ఉంచేది ఆ విసుగే.

జాకిర్ హుసేన్ నాయకత్వ పద్ధతిలో ఆడంబరం కనిపించదు. షేఖుల్ జామియా అయినప్పటికీ ఆయన ప్రాథమిక పాఠశాలను చిన్నచూపు చూడలేదు. నిజానికి ఆనాటి జామియాలో అన్నిటికన్న పేరు తెచ్చుకున్నది చిన్నపిల్లల బడే. పిల్లలే బ్యాంకు నడిపేవారు, దుకాణం నడిపేవారు, జమాఖర్చులు వ్రాసుకునేవారు. అబ్దుల్ గఫ్ఫార్ మధోలీ వంటి ఉపాధ్యాయులు ఈ పద్ధతిని ఏళ్ళ తరబడి పెంచారు. జర్మనీ నుండి వచ్చిన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ పసిపిల్లల సంరక్షణలో నిమగ్నురాలై 1943లో జామియాలోనే కన్నుమూసింది. ముజీబ్ ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివి, జర్మనీలో ముద్రణ పని కూడా నేర్చుకుని వచ్చారు. ఎవరి చేతిలో ఏ విద్య ఉన్నదో చూసి దానికి చోటు కల్పించడం ఆ సంస్థ అలవాటు. 1935 మార్చి 1న యమునా తీరాన ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. వేదిక మీద ప్రముఖులు లేకపోలేదు. రాయి వేసింది మాత్రం బడిలో అందరికంటే చిన్నవాడైన విద్యార్థి.

రాజకీయాల విషయం మరింత సున్నితమైనది. ఉద్యమంలో పుట్టిన సంస్థ ఉద్యమానికి దూరంగా ఎలా ఉంటుంది? 1930లో శాసనోల్లంఘన మొదలైనప్పుడు జామియావారిలో కొందరు జైళ్ళకు వెళ్ళారు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీ వారిలో ఒకరు. ఐతే వ్యక్తిగా వెళ్ళేవారు వెళ్ళవచ్చునని, సంస్థ మాత్రం విద్యా కార్యంలోనే ఉండాలని జాకిర్ హుసేన్ పట్టుబట్టారు. దీనికి ఆయన విమర్శలు ఎదుర్కొన్నారు. కాని ఈ వైఖరి ఫలితం 1946 నవంబరులో జరిగిన రజతోత్సవంలో కనిపించింది. దేశం నిట్టనిలువునా చీలుతున్న ఆ వారాల్లో నెహ్రూ, మౌలానా ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ ఒకే వేదిక మీద కూర్చున్నారు. వారిని అలా కూర్చోబెట్టగల మరొక విద్యాసంస్థ ఆనాడు లేదనే చెప్పాలి. ద్వేషాగ్నిని చల్లార్చమని జాకిర్ హుసేన్ వారిని వేడుకున్నారు. అగ్ని చల్లారలేదు. మరుసటి ఏడాది అల్లర్లలో కరోల్‌బాగ్‌లోని మక్తబా జామియా, అంటే జామియా ప్రచురణ సంస్థ, దగ్ధమైంది. జాకిర్ హుసేన్ స్వయంగా జలంధర్ రైల్వేస్టేషన్‌లో ప్రాణాపాయం నుండి తప్పించుకున్నారు.

ఇదే కాలంలో హైదరాబాదులో మరొక ప్రయోగం జరిగింది. దానితో పోల్చి చూడకపోతే జామియా విలువ, దాని పరిమితి రెండూ సరిగా తెలియవు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశీయ భాషలో ఉన్నత విద్య బోధించడం, దానికి పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయడానికి 1917లోనే అనువాద సంస్థను నెలకొల్పడం అసాధారణమైన సాహసాలు. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో బోధించిన ఘనత దానిది. ప్రయోగశాలలు, గ్రంథాలయం, చూపరులను నేటికీ ఆకట్టుకునే ఆర్ట్స్ కళాశాల భవనం, ఇవేవీ జామియా కలలో కూడా ఊహించలేనివి. రాజ్యపు ఖజానా వెనుక ఉంటే ఎంత సాధించవచ్చో ఉస్మానియా చూపింది. ఐతే దర్బారులో జరిగిన నిర్ణయం మరొక దర్బారులో మారిపోతుంది. 1948లో రాజ్యం మారింది. ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. ఆ మాధ్యమం తెలుగు, మరాఠీ, కన్నడ ప్రజలకు ఎంతవరకు న్యాయం చేసిందన్నది వేరే ప్రశ్న. అది కూడా అడగవలసిన ప్రశ్నే. ఇక్కడి విషయమల్లా, ముప్పై ఏళ్ళ కృషిని కాపాడుకోవడానికి అధ్యాపకుల చేతిలో అధికారమేమీ లేదన్నది.

పూర్వ ఇస్లామీయ నాగరికతకు ఈ సమస్య కొత్తది కాదు. సల్జూఖ్ మంత్రి నిజాముల్ ముల్క్ బాగ్దాదులో స్థాపించిన నిజామియా మదర్సా 1067లో ప్రారంభమైంది. ఉపాధ్యాయుని నియమించడం, తొలగించడం ఆయన చేతిలోనే ఉండేది. ఇమామ్ గజాలీ 1091లో అక్కడ ఆచార్యులయ్యారు. మరుసటి ఏడాది నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యారు. 1095లో గజాలీ స్వయంగా పదవి విడిచి వెళ్ళిపోయారు. పోషకుడూ లేడు, మహాపండితుడూ లేడు, ఐనా మదర్సా నిలిచింది. కారణం, దానికి వఖ్ఫ్ ఆస్తులు ఉండడం. కైరోలో విద్యార్థులూ పండితులూ గుంపులుగా చేరడానికి అక్కడి సమృద్ధమైన వఖ్ఫ్‌లే కారణమని ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో గుర్తించాడు. వఖ్ఫ్ సంస్థను వ్యక్తి ఆయుర్దాయం నుండి విడదీస్తుంది. కాని ముతవల్లీ చెడ్డవాడైతే ఆ రక్షణ కూడా గుల్లబారుతుంది. మన రాష్ట్రాల్లో వఖ్ఫ్ భూముల అన్యాక్రాంతం సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

జామియా గాథను నేడు కొందరు వాడుకునే తీరు గురించి ఒక మాట చెప్పక తప్పదు. అధ్యాపకులకు చాలీచాలని జీతమిచ్చే యాజమాన్యాలు, మిల్లత్ సేవ పేరు చెప్పి, జాకిర్ హుసేన్ త్యాగాన్ని ఉదహరిస్తూ ఉంటాయి. ఈ పోలిక చెల్లదు. జామియాలో త్యాగం కోరినవారే ముందుగా త్యాగం చేశారు. ఎంత తగ్గించుకోవాలో తామే నిర్ణయించుకున్నారు. ఇక్కడ ఒకరు నిర్ణయిస్తే మరొకరు పస్తుంటారు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇచ్చివేయమన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉపదేశం కళాశాల అధ్యాపకునికి వర్తించదని ఏ ఫిఖ్హ్ గ్రంథంలోనూ లేదు.

రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. 1958లో కేరళ విద్యా బిల్లు విషయంలో సుప్రీంకోర్టు ఈ హక్కును వివరిస్తూ, నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ చేసే హక్కు ఇమిడి లేదని స్పష్టం చేసింది. 1974లో అహమ్మదాబాదు సెయింట్ జేవియర్స్ కళాశాల కేసులో కూడా ఈ విషయమే విస్తృతంగా చర్చకు వచ్చింది. హక్కు గురించి మన సభల్లో వినిపించినంతగా ఈ రెండవ సగం వినిపించదు. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ కర్నూలులో ఉస్మానియా కళాశాలను నెలకొల్పిన నాటికి రాయలసీమ ముస్లిములకు ఉన్నత విద్య అందని పండు. అటువంటి స్థాపకులు సమాజం చేతిలో పెట్టి వెళ్ళినవి అమానతులు. అమానతు విషయంలో కోర్టు అడిగే లెక్క చిన్నది. దాతలు, తల్లిదండ్రులు అడగవలసిన లెక్క అంతకంటే పెద్దది: పాలకవర్గం ఏడాదికి ఎన్నిసార్లు సమావేశమైంది, అందులో అధ్యాపకులు ఎందరు, లెక్కలు ఎవరు తనిఖీ చేశారు, తరువాతి కార్యదర్శి ఎవరో నిర్ణయించే పద్ధతి ఏమిటి?

ఈ చివరి ప్రశ్న జామియాకు 1948లో ఎదురైంది. అలీగఢ్ విశ్వవిద్యాలయం దేశ విభజనతో అల్లకల్లోలమైంది. అధ్యాపకులు, విద్యార్థులు చాలామంది పాకిస్తాన్ వెళ్ళిపోయారు. దానిని నిలబెట్టడానికి జాకిర్ హుసేన్‌ను ఉపకులపతిగా పిలిచారు. 1928 నాటి ప్రతిజ్ఞలోని 20 సంవత్సరాలు కూడా సరిగ్గా అప్పటికి నిండాయి. హకీం సాహెబు మరణంతో కంపించిన సంస్థ ఈసారి కంపించలేదు. బెర్లిన్ నుండి కలిసి వచ్చిన ముజీబ్ షేఖుల్ జామియా అయి 1973 వరకు, అంటే 25 సంవత్సరాలు, ఆ బాధ్యత వహించారు. 1939లోనే సంఘం చట్టప్రకారం రిజిస్టరై ఉన్నది. నియమాలున్నాయి, ఆ నియమాలకు అలవాటుపడిన మనుషులున్నారు.

ఐతే ప్రతిజ్ఞ వారసత్వంగా రాదు. ఒక తరం కోరి తలకెత్తుకున్న పేదరికాన్ని తరువాతి తరం పిల్లలమీద రుద్దలేము. ఆ ఉపాధ్యాయుల ఇళ్ళలో ఆడవారు పడ్డ ఇబ్బందుల గురించి ఎవరూ ఎక్కువగా వ్రాయలేదు. స్వతంత్ర భారత ప్రభుత్వ సహాయం తీసుకోవడం తప్పనిసరైంది, సమంజసమూ అయింది. 1962లో జామియా విశ్వవిద్యాలయంతో సమాన హోదా పొందింది. 1988లో పార్లమెంటు చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2011లో జాతీయ అల్పసంఖ్యాక విద్యాసంస్థల కమిషన్ దానిని అల్పసంఖ్యాక సంస్థగా ప్రకటించింది. ఉపాధ్యాయులకు ఇప్పుడు విశ్వవిద్యాలయ వేతనాలున్నాయి. షేఖుల్ జామియాను నియమించేది విజిటర్ హోదాలో భారత రాష్ట్రపతి.

1988 చట్టంలో పాత పేర్లు కొన్ని అలాగే ఉండిపోయాయి. విశ్వవిద్యాలయ సభ పేరు అంజుమన్. కార్యనిర్వాహక మండలి పేరు మజ్లిసె ముంతజిమా, విద్యా మండలి పేరు మజ్లిసె తాలీమీ. ఉపకులపతి నేటికీ షేఖుల్ జామియాయే. జాకిర్ హుసేన్ 1969 మే 3న రాష్ట్రపతి పదవిలో ఉండగానే మరణించారు. ఆయన సమాధి ఓఖ్లాలో, జామియా ఆవరణలో ఉన్నది.